బుజ్జి పోమెరేనియన్‌కు ఏ డ్రై ఫుడ్ కొనాలి?

ప్రశ్న: మా ఇంటికి ఆడ పోమెరేనియన్ పిల్ల వచ్చి కొద్దిరోజులే అయింది. వయసు రెండున్నర నెలలు, బరువు 1.2 కిలోలు. ఇచ్చినవాళ్లు దాంతోపాటు ఇచ్చిన డ్రై ఫుడ్ ప్యాకెట్ అయిపోవస్తోంది. కొత్తది కొందామని వెళ్తే షాపతను గ్రెయిన్ ఫ్రీ, అంటే ధాన్యం కలపనిది అయితేనే మంచిదన్నాడు. స్నేహితురాలేమో పదార్థాల్లో మొదటి పేరు చికెన్ అని ఉంటేనే కొనమంది. మా అక్కకు పెద్ద లాబ్రడార్ ఉంది. దాని కోసం తెచ్చిన బస్తాలోంచే కొంచెం తీసుకెళ్లి పెట్టు, ఏమీ కాదు అంటోంది. క్యాల్షియం పొడి కలపకపోతే ఎముకలు గట్టిపడవని ఇంకొకరి మాట. పది కిలోల బస్తా కొంటే చవక పడుతుందనీ అంటున్నారు. ఒక్కో పూట మా పిల్ల గిన్నె వైపే చూడదు. ఎవరి మాట నమ్మాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ఒక మంచి బ్రాండ్ పేరు చెప్పండి చాలు.

సమాధానం: ముందు ఈ వారం సంగతి చూద్దాం. ఇప్పుడు తింటున్న ఆహారాన్నే ఇంకో చిన్న ప్యాకెట్ తెచ్చిపెట్టుకోండి. తల్లికి దూరమై, కొత్త ఇంట్లో, కొత్త మనుషుల మధ్య సర్దుకుంటున్న పిల్లకు ఆహారం కూడా ఒక్కసారిగా మారిస్తే విరేచనాలు పట్టుకోవడం మామూలే. ఆ పాత ఆహారమే కింద చెప్పే పరీక్షలో నెగ్గిందనుకోండి, ఇక మార్చాల్సిన పనే లేదు. చాలామందికి ఈ విషయం తట్టదు. పిల్ల ఇంటికి రాగానే ‘ఇంకా మంచిది’ కొనాలని బయల్దేరతారు.

బ్రాండ్ పేరు చెప్పమన్నారు. చెప్పను, ఏమీ అనుకోకండి. ఒకే కంపెనీ పిల్లలకొకటి, పెద్దవాటికొకటి, బరువు తగ్గడానికొకటి, ఫలానా జబ్బుకొకటి అని రకరకాలు అమ్ముతుంది. ప్యాకెట్లు చూడటానికి దాదాపు ఒకేలా ఉంటాయి. పేరొక్కటే గుర్తుపెట్టుకుని వెళ్తే పొరపాటున పెద్ద కుక్కల ప్యాకెట్ ఇంటికి తెచ్చుకునే ప్రమాదం ఉంది. దాని బదులు ప్యాకెట్ వెనక ఏం చూడాలో చెబుతాను.

అక్కడ చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది. మొత్తం ప్యాకెట్ మీద మీకు అన్నిటికంటే ముఖ్యమైనది అదే. ఈ ఆహారం ‘కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్’ అని, అంటే వేరే ఏమీ కలపకుండా ఇదొక్కటే పెట్టినా పోషకాలన్నీ అందుతాయని అందులో ఉండాలి. ఏ వయసుకు అలా సరిపోతుందో కూడా ఉండాలి. ‘గ్రోత్’ అని గానీ ‘ఆల్ లైఫ్ స్టేజెస్’ అని గానీ ఉంటే మీ పిల్లకు పనికొస్తుంది. ‘అడల్ట్ మెయింటెనెన్స్’ అని ఉంటే పనికిరాదు. ‘కాంప్లిమెంటరీ’ అనో, ‘సప్లిమెంటల్ ఫీడింగ్’ అనో ఉంటే అది అప్పుడప్పుడు పెట్టే చిరుతిండి, భోజనం కింద లెక్క కాదు. ముందు వైపు పెద్ద అక్షరాల్లో ‘పప్పీ’ అని ఉన్నా సరే, వెనక ఈ వాక్యం కనబడేదాకా కొనకండి.

ఈ వాక్యం వెనక ఒక లెక్క ఉంది. అమెరికాలో ఏఏఎఫ్‌సీఓ, ఐరోపాలో ఫెడియాఫ్ అనే సంస్థలు కుక్కల ఆహారంలో ఏ పోషకం కనీసం ఎంత ఉండాలో పట్టికలు ప్రచురిస్తాయి. చాలా కంపెనీలు వాటినే అనుసరిస్తాయి. ఏఏఎఫ్‌సీఓ లెక్కలో తేమ తీసేసి చూస్తే, ఎదిగే పిల్లల ఆహారంలో ప్రొటీన్ కనీసం 22.5 శాతం, కొవ్వు 8.5 శాతం, క్యాల్షియం 1.2 శాతం ఉండాలి. ఎదిగిపోయిన కుక్కకు ఇవే 18, 5.5, 0.5 శాతం చాలు. క్యాల్షియంలో తేడా చూడండి, రెట్టింపు కంటే ఎక్కువ. మీ అక్క ప్రేమతోనే చెప్పి ఉంటారు, కానీ లాబ్రడార్ బస్తా మీద ‘అడల్ట్’ అని ఉంటే అందులోంచి మీ పిల్లకు పెట్టొద్దు. ఒకటి రెండు పూటలకు కొంప మునగదు గానీ, నెలల తరబడి అదే పెడితే ఎముకలు, కండరాలు కట్టుకునే వయసులో సరుకు తక్కువ పడుతుంది.

ఇంకో సంగతి కూడా తెలిసి ఉండటం మంచిది. ఏఏఎఫ్‌సీఓ ఏ ఆహారాన్నీ పరీక్షించదు, ఆమోదించదు, సర్టిఫికెట్ ఇవ్వదు. పట్టిక మాత్రమే ఇస్తుంది. ‘ఏఏఎఫ్‌సీఓ ఆమోదం పొందింది’ అని ఎవరైనా అమ్మజూపితే ఆ మాట తప్పు. పట్టికకు తగ్గట్టు తయారుచేశామని కంపెనీ చెప్పుకోవచ్చు, లేదా నిజంగా కుక్కలకు పెట్టి చూసి ఫలితాలతో నిరూపించామని చెప్పవచ్చు. ఏ పద్ధతో కూడా ఆ వాక్యంలోనే ఉంటుంది. అదే వాక్యం చివర ‘పెద్ద జాతి పిల్లల ఎదుగుదలకు తప్ప’ అని ఒక్కోసారి కనబడుతుంది. ఎదిగాక దాదాపు 32 కిలోలు, అంతకు మించి తూగే జాతుల గురించి ఆ మాట. పోమెరేనియన్‌కు దానితో ఇబ్బంది లేదు, భయపడి ప్యాకెట్ వెనక్కి పెట్టేయకండి.

ఇప్పుడు మీ స్నేహితురాలి మాటకొద్దాం. మొదటి పదార్థం చికెన్ అయి ఉండాలనేది చాలామంది నమ్మే సలహా. అందులో సగమే నిజం. పదార్థాలను వండక ముందు ఉన్న బరువు ప్రకారం, ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు. పచ్చి చికెన్‌లో దాదాపు మూడింట రెండొంతులు నీళ్లే. కిబుల్, అంటే డ్రై ఫుడ్ గింజల తయారీలో ఆ నీళ్లు దాదాపు అన్నీ ఆవిరైపోతాయి. అంటే జాబితాలో మొదట నిలబడ్డ చికెన్, ప్యాకెట్‌లోకి వచ్చేసరికి రెండో మూడో స్థానానికి జారిపోవచ్చు. ‘చికెన్ మీల్’ అంటే ముందే నీరు తీసేసి పొడి చేసింది. పేరు వినడానికి నాసిరకంగా అనిపిస్తుంది గానీ, అదే బరువు పచ్చి మాంసం కంటే అందులో ప్రొటీన్ చాలా ఎక్కువ. కాలేయం, గుండె లాంటి భాగాలను ‘బై ప్రొడక్ట్స్’ అని రాసినా కంగారు పడకండి, కుక్కకు అవి మంచి పోషకాలే. ఇంకో కిటుకు కూడా జరుగుతుంది. ఒకే ధాన్యాన్ని పిండి, తవుడు, నూక అని విడివిడిగా రాస్తే ఒక్కోదాని వాటా చిన్నదై జాబితాలో కిందికి పోతుంది. మాంసం పైకి వచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే పదార్థాల జాబితా ఒక్కటే చూసి నిర్ణయించుకోవద్దంటున్నాను. ఎదిగే పిల్ల కాబట్టి చేపనూనె ఉందేమో మాత్రం చూడండి. మెదడు, కంటిచూపు ఎదుగుదలకు పనికొచ్చే డీహెచ్ఏ అనే కొవ్వు అందులోంచే ఎక్కువగా వస్తుంది.

గ్రెయిన్ ఫ్రీ విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను: మీ పిల్లకు దాని అవసరం లేదు. బాగా ఉడికిన ధాన్యాన్ని కుక్కలు చక్కగా అరిగించుకుంటాయి. కుక్కల్లో ఆహారపు ఎలర్జీ వచ్చినప్పుడు కారణం గోధుమ కంటే మాంసం, పాల ప్రొటీన్లే అయ్యే సందర్భాలు ఎక్కువ. పైగా గ్రెయిన్ ఫ్రీ అంటే పిండిపదార్థం లేనిదని కాదు, ధాన్యం స్థానంలో బఠానీలు, పప్పులు, బంగాళాదుంపలు వేస్తారు. 2018 జులైలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక చేసింది. బఠానీలు, పప్పులు ఎక్కువగా ఉన్న ఆహారం తింటున్న కొన్ని కుక్కల్లో గుండె కండరం బలహీనపడి గుండె ఉబ్బే జబ్బు కనబడుతోందని, దాన్ని పరిశీలిస్తున్నామని చెప్పింది. ఆ ఆహారమే కారణమని ఇప్పటికీ రుజువు కాలేదు. కానీ లాభం ఏమీ కనబడని చోట ఆ సందేహాన్ని పనిగట్టుకుని కొనుక్కోవడం ఎందుకు?

ఇక అసలు విషయం, చిన్న జాతి కావడం. లోకంలో పిల్లలన్నీ ఒకేలా తింటాయనుకుంటాం గానీ, కిలో బరువుకి లెక్కేస్తే చిన్నవాటికే ఎక్కువ శక్తి కావాలి. 30 కిలోల కుక్క ఊరికే పడుకుని ఉండటానికి రోజుకు కిలో బరువుకి 30 కిలో క్యాలరీల చొప్పున ఖర్చవుతుంది. మీ 1.2 కిలోల పిల్లకు అది దాదాపు 67. ఎదుగుదలకు కావాల్సింది దీనికి అదనం. నాలుగు నెలల లోపు పిల్లలకు ఈ విశ్రాంతి లెక్కకు సుమారు మూడు రెట్లు అవసరమని పశువైద్యులు అంచనా వేస్తారు. అంటే మీ పిల్లకు రోజుకు 240 కిలో క్యాలరీల దాకా కావాలి. పొట్ట చూస్తే గుప్పెడు కూడా లేదు. అందుకని తక్కువ పరిమాణంలో ఎక్కువ శక్తి ఇచ్చే ఆహారం కావాలి, అదీ రోజుకు నాలుగు సార్లుగా పంచి పెట్టాలి. ‘స్మాల్ బ్రీడ్ పప్పీ’ అని అమ్మే రకాల్లో సాధారణంగా గింజ చిన్నదిగా, శక్తి కాస్త చిక్కగా ఉంటుంది. అలాంటిది దొరికితే తీసుకోండి. దొరకకపోతే గ్రోత్ వాక్యం ఉన్న మామూలు పప్పీ ఫుడ్‌ను, గింజ పెద్దదైతే నానబెట్టి పెట్టినా సరిపోతుంది.

నాలుగు సార్లు అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. ఇంత చిన్న పిల్లల కాలేయంలో నిల్వ ఉండే చక్కెర చాలా కొంచెం. కండ, కొవ్వు కూడా తక్కువే. ఒకటి రెండు పూటలు తినకపోయినా, చలి పట్టినా, ఎక్కువసేపు ఆడి అలిసిపోయినా రక్తంలో చక్కెర పడిపోవచ్చు. పిల్ల డీలాపడటం, వణకడం, తాగినట్టు తూలడం, చూపు నిలపలేకపోవడం, చివరికి ఫిట్స్ రావడం దీని లక్షణాలు. అలా కనబడితే కొంచెం తేనె గానీ చక్కెర పాకం గానీ వేలితో చిగుళ్లకు రాసి, పిల్లను వెచ్చగా చుట్టి వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో నీళ్లు, పాలు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తేనె రాయగానే లేచి ఆడుకున్నా సరే, డాక్టరుకు చూపించడం మానొద్దు.

ఇది తెలిశాక మీ చివరి బాధకు జవాబు కూడా దొరుకుతుంది. పెద్ద కుక్క తినకపోతే ‘ఆకలేస్తే అదే తింటుంది’ అని వదిలేయవచ్చు. ఈ పిల్ల విషయంలో ఆ పద్ధతి వద్దు. గింజల మీద గోరువెచ్చని నీళ్లు పోసి పది నిమిషాలు నాననిస్తే వాసన వస్తుంది, పాలపళ్లకు నమలడం తేలికవుతుంది. ఒక పదిహేను ఇరవై నిమిషాలు గిన్నె ముందుంచి, తినకపోతే తీసేయండి. తడిపిన ఆహారాన్ని గంటల తరబడి బయట ఉంచితే పాడవుతుంది. తర్వాతి పూట మళ్లీ కొత్తగా కలిపి పెట్టండి. పాలల్లో మాత్రం నానబెట్టొద్దు, తల్లిపాలు మానిన చాలా పిల్లలకు పాలల్లోని లాక్టోజ్ అనే చక్కెర అరగక విరేచనాలవుతాయి. వరసగా రెండు పూటలు ముట్టకపోయినా, తినక నీరసంగా పడుకున్నా ఆ రోజే డాక్టరుకు చూపించండి. హుషారుగా తిరుగుతూ, బరువు పెరుగుతూ ఒక్కో పూట మాత్రం వద్దంటుంటే, మధ్యలో ఇంట్లోవాళ్లు ఏం పెడుతున్నారో కనుక్కోండి. సాధారణంగా గుట్టు అక్కడే బయటపడుతుంది.

తినట్లేదని గిన్నెలో ఉడికించిన చికెన్ కలపడం మొదలుపెడితే మూడు రోజుల్లో పిల్ల చికెన్ కోసం ఎదురుచూడటం నేర్చుకుంటుంది. దానికంటే పెద్ద చిక్కు, పైనుంచి కలిపేది ఎక్కువైన కొద్దీ ఆహారంలోని పోషకాల పొందిక చెడుతుంది. భోజనం కాకుండా పెట్టేవన్నీ కలిపి రోజు శక్తిలో పదో వంతు దాటకూడదు. మీ పిల్లకు అది 24 కిలో క్యాలరీలు, అంటే ఆరు గ్రాముల కిబుల్ పాటి. ట్రైనింగ్ ఇచ్చేటప్పుడు బహుమతిగా విడి బిస్కెట్లు కొనకుండా, రోజు వాటాలోంచే ఆ ఆరు గ్రాములు పక్కన పెట్టుకుంటే సరి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, జైలిటాల్ కలిపిన షుగర్ లెస్ చూయింగ్ గమ్ లాంటివి ఏ కొంచెమూ వద్దు. ఇంత చిన్న ఒంటికి కొంచెమే ఎక్కువ.

ఎంత పెట్టాలో ఇప్పుడు లెక్కవేద్దాం. ప్యాకెట్ మీద కిలోకు ఎన్ని కిలో క్యాలరీలో ఉంటుంది. ఉదాహరణకు 3,800 అని ఉంటే 100 గ్రాములకు 380. మీ పిల్లకు కావాల్సిన 240 కోసం రోజుకు దాదాపు 63 గ్రాములు, నాలుగు పూటలకు పంచితే పూటకు 16 గ్రాములు. ఇది మొదలుపెట్టడానికి ఒక అంకె మాత్రమే, పిల్లను బట్టి హెచ్చుతగ్గులుంటాయి. కప్పుతో కొలవకండి, వంటింటి ఎలక్ట్రానిక్ కాటా వాడండి. కప్పులో పది గ్రాములు అటూ ఇటూ అయితే పెద్ద కుక్కకు తెలియదు, మీ పిల్లకు అది రోజు భోజనంలో ఆరో వంతు. వారానికోసారి పిల్లను కూడా తూచి, పెరిగిన బరువుకు తగ్గట్టు లెక్క మార్చుకోండి. పోమెరేనియన్ బొచ్చు కంటిని మోసం చేస్తుంది, బక్కచిక్కినా బొద్దుగానే కనబడుతుంది. అందుకని వేళ్లతో తడిమి చూడాలి. మెత్తగా నిమిరితే పక్కటెముకలు వేళ్లకు తగలాలి, పొడుచుకుని రాకూడదు. గట్టిగా నొక్కితే గానీ తగలకపోతే ఎక్కువ పెడుతున్నారని అర్థం. మలం రూపు కట్టి, తీస్తే నేలకు అంటుకోకుండా వస్తుంటే ఆహారం ఒంటికి పడుతున్నట్టే.

క్యాల్షియం పొడి వద్దు. గ్రోత్ వాక్యం ఉన్న ఆహారంలో అది కావాల్సినంత ఉంది, భాస్వరంతో సరైన పాళ్లలో ఉంది. పొడి కలిపితే ఆ పాళ్లు చెడతాయి, జింకు లాంటి ఖనిజాలు ఒంటికి పట్టడం తగ్గుతుంది. ఎక్కువైన క్యాల్షియాన్ని పేగుల దగ్గరే ఆపే శక్తి ఈ వయసు పిల్లలకు ఇంకా సరిగా ఉండదు, వేసిన కొద్దీ అవసరానికి మించి లోపలికి పోతుంది. పెద్ద జాతి పిల్లల్లో దీనివల్ల ఎముకలు వంకరపోవడం బాగా తెలిసిన విషయం. చిన్న జాతులకు ఆ ముప్పు తక్కువైనా, లాభం సున్నా. డాక్టరు పరీక్షించి ఫలానా లోపం ఉందని రాసిస్తే అది వేరే సంగతి.

పది కిలోల బస్తా కూడా వద్దు. మీ పిల్ల తినే లెక్కన అది దాదాపు ఐదు నెలలొస్తుంది. తెరిచిన డ్రై ఫుడ్‌ను నాలుగు నుంచి ఆరు వారాల్లో వాడేయడం మంచిది. గాలి తగిలిన కొద్దీ అందులోని కొవ్వు కమురుపడుతుంది, విటమిన్లు తగ్గుతాయి, పిల్ల వాసన చూసి ముఖం తిప్పుకుంటుంది. కిలో, కిలోన్నర ప్యాకెట్లు కొనుక్కోండి. డబ్బాలో పోసుకోవాలనుకుంటే ప్యాకెట్‌తో సహా డబ్బాలో పెట్టి మూత బిగించండి. గడువు తేదీ, బ్యాచ్ నంబరు ప్యాకెట్ మీదే కదా ఉండేది, కంపెనీ ఎప్పుడైనా సరుకు వెనక్కి పిలిస్తే అవి కావాలి.

రెండు మూడు రకాలు ఈ పరీక్షలో నెగ్గి ఏది తీసుకోవాలో తేలకపోతే, ప్యాకెట్ మీదున్న నంబరుకు ఫోన్ చేసి అడగండి. ఆహారాన్ని రూపొందించింది జంతు పోషణలో చదువుకున్న నిపుణులేనా? సొంత ఫ్యాక్టరీలో తయారవుతుందా, బయట చేయిస్తారా? ప్రతి బ్యాచ్‌కూ ఏ పరీక్షలు చేస్తారు? కుక్కలు, పిల్లుల్లాంటి చిన్న జంతువుల వైద్యుల ప్రపంచ సంఘం డబ్ల్యుఎస్ఏవీఏ కూడా కుక్కలను పెంచేవాళ్లను ఇలాంటి ప్రశ్నలే అడగమంటుంది. ఓపికగా జవాబు చెప్పే కంపెనీ సరుకు తీసుకోండి. ‘సూపర్ ప్రీమియం’, ‘హోలిస్టిక్’ లాంటి మాటలకు పోషకాల లెక్కలో ఏ అర్థమూ లేదు.

ఎప్పుడు మార్చినా వారం నుంచి పది రోజులు పట్టించండి. మొదట పాతది మూడొంతులు, కొత్తది ఒక వంతు. మలం బాగుంటే రెండు మూడు రోజులకు సగం సగం, ఆపైన కొత్తది మూడొంతులు. మధ్యలో మలం జారుడుగా అయితే ఒక మెట్టు వెనక్కి వచ్చి ఆగండి. నాలుగు నెలలు దాటాక మూడు పూటలకు, ఆరు నెలలు దాటాక పిల్ల బాగా తింటుంటే రెండు మూడు పూటలకు తగ్గించవచ్చు. పది నుంచి పన్నెండు నెలలకు పోమెరేనియన్ ఎదుగుదల దాదాపు పూర్తవుతుంది, అడల్ట్ ఫుడ్‌కు మారాల్సింది అప్పుడు. ఈలోగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే శక్తి అవసరం తగ్గుతుంది, కొలత కూడా తగ్గించాలి. డ్రై ఫుడ్ కొరికితే పళ్లు వాటంతటవే శుభ్రమవుతాయనే మాట నమ్మకండి. చిన్న జాతులకు చిగుళ్ల జబ్బు ఎక్కువ. ఇప్పటి నుంచే కుక్కల పేస్టుతో పళ్లు తోమడం అలవాటు చేయండి. ఆరేడు నెలలప్పుడు పాలపళ్లన్నీ ఊడాయో లేదో డాక్టరుతో చూపించండి, ఈ జాతిలో అవి ఊడకుండా ఉండిపోవడం తరచూ జరుగుతుంది.

చివరిగా ఒక జాగ్రత్త. పిల్లకు టీకాలు ఇంకా పూర్తయి ఉండవు. వాంతులు, నీళ్ల విరేచనాలు మొదలైతే, ముఖ్యంగా అందులో రక్తం కనబడినా, పిల్ల ఏమీ తినక ముడుచుకుపోయినా, కొత్త ఆహారం పడలేదేమో అనుకుని ఇంట్లో కూర్చోకండి. పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బు కూడా ఇలాగే మొదలవుతుంది. 1.2 కిలోల ఒంట్లో నీరు గంటల్లో తగ్గిపోతుంది. రాత్రయినా సరే అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు టీకాల కార్డు, ఆహారం ప్యాకెట్ వెనక వైపు తీసిన ఫొటో దగ్గర ఉంచుకోండి.